మొదటి పది నిమిషాలు ఎవరివి?

మండే ద్రవ రసాయనాలను తయారు చేసే, నిల్వ చేసే, రవాణా చేసే సంస్థల యాజమాన్యాలకు, ఆ సంస్థల అత్యవసర ప్రణాళికలను ఆమోదించే అధికారులకు బహిరంగ లేఖ

అందరికీ నమస్కారం.

ద్రావకాలు వాడే కర్మాగారాల్లో ముప్పై రెండేళ్లు పనిచేశాను. అందులో ఎక్కువ కాలం షిఫ్టు ఇన్‌చార్జిగానే ఉన్నాను. మీ అల్మరాల్లో ఉండే అత్యవసర ప్రణాళికల వంటివి రాయడంలో నేనూ పాలుపంచుకున్నాను. ఎవరు ఎవరికి ఫోను చేయాలో, ఏ కమిటీలో ఎవరుండాలో, ఎవరు ఎవరికి నివేదించాలో ఆ పుస్తకాల్లో బాణం గుర్తులతో సహా ఉంటుంది. ఆ బాణాలన్నీ బయలుదేరే చోట ఒక చిన్న గడి కనిపిస్తుంది. దానిలో 'లీకును గమనించిన వ్యక్తి' అని రాసి ఉంటుంది. ఆ గడి నుంచి పైకి ఒకే ఒక్క బాణం వెళుతుంది: 'షిఫ్టు ఇన్‌చార్జికి తెలియజేయాలి'. ఆ తరువాతి ముప్పై నలభై పేజీలు మిగతావాళ్ల గురించి.

ఈ లేఖ ఆ గడిలో నిలబడ్డ మనిషి గురించి.

ఒక రాత్రి రెండు దాటిన తరువాత ట్యాంకరు నుంచి టోలుయిన్ అనే మండే ద్రావకాన్ని దించుతున్నారు. గొట్టం పంపుకు కలిసే చోట, అతుకు కారకుండా పెట్టే గాస్కెట్ చీలింది. మొదట సన్నటి ధార, చూస్తుండగానే మణికట్టు లావు ధార. అక్కడున్న ఆపరేటరుకు ఉద్యోగంలో చేరి రెండేళ్లు కూడా కాలేదు. పంపును ఆపే ఎర్ర బటన్ అతనికి నాలుగు అడుగుల దూరంలో, గాలి వచ్చే వైపు ఉంది. అతను బటన్ నొక్కలేదు. భద్రమైన ఫోను ఉన్న గది దాకా పరుగెత్తి నాకు ఫోను చేశాడు. నేను "ముందు ఆపు" అనలేదు. "ఎంత కారుతోంది?" అని అడిగాను. తరువాత నేను మేనేజరుకు ఫోను చేశాను. పంపు ఆగేసరికి ఏడు నిమిషాలు గడిచాయి, వెయ్యి లీటర్లకు పైగా నేలపాలైంది. అందులో కొంత వాననీటి కాలువలోకి దిగింది. ఈలోగా ట్యాంకరు డ్రైవరు, బండిని దూరంగా తీసుకెళ్లడమే మేలనుకుని తాళం తిప్పబోయాడు. క్యాబిన్ కిటికీలోంచి చేయి పెట్టి అతన్ని ఆపింది ఒక కాంట్రాక్టు కూలీ. మంట రాలేదు. గాలి మాకు అనుకూలంగా వీచింది, అంతే.

మర్నాడు ఆ ఆపరేటరును అడిగాను, బటన్ ఎందుకు నొక్కలేదని. అతని జవాబు ఇన్నేళ్లయినా నన్ను వదల్లేదు. అంతకు నెల ముందు మరో ఆపరేటరు ఆవిరి వాసన వచ్చిందని అత్యవసర బటన్ నొక్కాడు. వెతికితే లీకేమీ కనిపించలేదు. ఒక బ్యాచ్ పాడైంది. అతనికి మెమో ఇచ్చారు. "నాకు కూడా అలాగే అవుతుందేమో అనుకున్నాను సార్" అన్నాడు. ఆ ఉదయమే ఇతనికి కూడా మెమో వచ్చింది. ఈసారి కారణం బటన్ నొక్కనందుకు.

నొక్కినవాడికీ మెమో, నొక్కనివాడికీ మెమో. మీ ప్రణాళికలో ఎన్ని బాణాలున్నా, ఆ కుర్రవాడికి దొరికిన శిక్షణ ఈ రెండు కాగితాలే.

ఆ ఏడు నిమిషాలు ఎందుకంత ముఖ్యమో ఒక చిన్న లెక్కతో చెబుతాను. ఒక లీటరు టోలుయిన్ పూర్తిగా ఆవిరైతే రెండు వందల లీటర్లకు పైగా ఆవిరి వస్తుంది. గాలిలో 1.1 శాతం చేరితే చాలు, ఆ మిశ్రమం అంటుకునే స్థితికి వస్తుంది. అంటే ఒక్క లీటరు ద్రవం దాదాపు 20 ఘనపు మీటర్ల గాలిని, మూడు మీటర్ల పొడవూ మూడు మీటర్ల వెడల్పూ ఉన్న చిన్న గదిని, పేలుడు పదార్థంగా మార్చగలదు. మేం నేలపాలు చేసింది వెయ్యి లీటర్లకు పైగా. అదంతా ఒక్కసారిగా ఆవిరి కాదు, నిజమే. కానీ ఆవిరయ్యే వేగం మడుగు వెడల్పును బట్టి ఉంటుంది. నేల మీద పలచగా పరుచుకున్న ద్రవం డ్రమ్ములో ఉన్నదానికంటే ఎన్నో రెట్లు వేగంగా ఆవిరవుతుంది. కాబట్టి ధారను ఆపడంతో పాటు మడుగు పాకకుండా చూడడం కూడా ఆ నిమిషాల్లోనే జరగాలి. ఆలస్యమైతే ఆ తరువాత ఎంత మంది వచ్చినా చేయగలిగేది తక్కువ.

టోలుయిన్ ఆవిరి గాలికంటే మూడు రెట్లు బరువు. అది పైకి లేచి చెదిరిపోదు. నేల మీద నీళ్లలా పాకుతుంది, పల్లం వెతుక్కుంటుంది, కేబుళ్ల కందకాల్లోకి, కాలువల్లోకి, సెల్లారుల్లోకి దిగుతుంది. ఎక్కడో యాభై అడుగుల దూరంలో నిప్పు తగిలితే, ఆ మంట ఆవిరి దారి వెంటే వెనక్కి మడుగు దాకా వస్తుంది. దీని ఫ్లాష్ పాయింట్, అంటే నిప్పు తగిలితే అంటుకునేంత ఆవిరి వచ్చే కనీస ఉష్ణోగ్రత, 4 డిగ్రీల సెల్సియస్. అసిటోన్‌కు సున్నాకు ఇంకా దాదాపు 20 డిగ్రీలు కింద. మామూలు వాతావరణంలో వీటికి వేడి చేసే పొయ్యి అక్కర్లేదు. అవి ఎప్పుడూ సిద్ధంగానే ఉంటాయి. ఒరిపిడితో పుట్టి చేతికి చురుక్కుమని తగిలే స్టాటిక్ విద్యుత్ మెరుపులో దాదాపు ఒక మిల్లీజౌలు, లేదా అంతకంటే ఎక్కువ శక్తి ఉంటుంది. టోలుయిన్ ఆవిరి అంటుకోవడానికి మిల్లీజౌలులో నాలుగో వంతు చాలు.

ఇవి మీకు తెలియనివి కావు. మీ ఇంజనీర్లకు నాకంటే బాగా తెలుసు. పంపు పక్కన నిలబడ్డ మనిషికి ఇవి తెలుసా, తెలిసినా వాటిని బట్టి నడుచుకునే హక్కు అతనికి ఉందా అన్నదే నా ప్రశ్న.

మెక్సికోలోని గ్వాదలహారా నగరంలో 1992 ఏప్రిల్‌లో ఏం జరిగిందో గుర్తు చేసుకోండి. భూమిలో పెట్రోలు తీసుకెళ్లే ఉక్కు గొట్టం పక్కనే మరో లోహపు పూత ఉన్న నీటి గొట్టం వేశారు. రెండూ తగులుకుని తుప్పు పట్టింది, చిల్లు పడింది, పెట్రోలు మురుగు కాలువల్లోకి చేరింది. ప్రజలు కొన్ని రోజుల ముందు నుంచే ఫిర్యాదు చేస్తున్నారు. కాలువల్లోంచి పెట్రోలు వాసన వస్తోందని చెప్పారు. సిబ్బంది వచ్చి చూశారు, ఆవిరి ప్రమాదకర స్థాయిలో ఉందని తెలిసింది. అయినా ఆ వీధులను ఖాళీ చేయించే నిర్ణయం ఎవరూ తీసుకోలేదు. ఏప్రిల్ 22 ఉదయం పేలుళ్లు మొదలై కిలోమీటర్ల కొద్దీ వీధులు పగిలిపోయాయి. రెండు వందల మందికి పైగా చనిపోయారు. అక్కడ సమాచారానికి కొరత లేదు. వాసన చూసిన గృహిణి మాటతో ఒక వీధిని ఖాళీ చేయించగల అధికారమే ఎవరి చేతిలోనూ లేకపోయింది.

ఇంగ్లండులోని బన్స్‌ఫీల్డ్‌లో 2005 డిసెంబరు 11న తెల్లవారుజామున ఒక పెట్రోలు ట్యాంకు నిండి పొర్లింది. మట్టం చూపే పరికరం ఒకేచోట బిగుసుకుపోయింది. ఆఖరి రక్షణగా పెట్టిన స్విచ్ పనిచేయలేదు. ఇరవై నిమిషాలకు పైగా పెట్రోలు ట్యాంకు అంచుల మీదుగా కారింది, తెల్లటి పొగమంచులా ఆవిరి ప్రాంగణం అంతా పాకింది, కెమెరాల్లో కూడా కనిపించింది. ఆదివారం ఉదయం కావడం వల్ల ఎవరి ప్రాణాలూ పోలేదు, నలభై మందికి పైగా గాయపడ్డారు. ఆ ఆవిరి అంటుకున్నది అగ్నిమాపక నీటి పంపుల గదిలోనే అయి ఉండాలని దర్యాప్తులో భావించారు. ఆపద కోసం పెట్టుకున్న పంపును ఆపద వచ్చినప్పుడు ఆవిరి చుట్టుముట్టే చోటే పెట్టుకున్నాం! మీ దగ్గర ఆ పంపు ఎక్కడుందో ఒకసారి వెళ్లి చూడండి. ప్రమాదంలో అందరూ చేరాల్సిన అసెంబ్లీ పాయింటు ఎక్కడుందో కూడా చూడండి. గాలి ఏ వైపు వీచినా ఒకే చోటికి వెళ్లమని చెప్పే ప్రణాళికలు నేను ఎన్నో చూశాను. ఏడాదిలో కొన్ని నెలలు ఆ చోటు సరిగ్గా ఆవిరి వచ్చే దారిలోనే ఉంటుంది.

2009 అక్టోబరు 29న జైపూర్ దగ్గరి ఇంధన డిపోలో పెట్రోలు గంటకు పైగా చిమ్ముతూనే ఉంది. వాల్వు దగ్గరున్న వాళ్లను ఆవిరి కమ్మేసింది, వాళ్లను కాపాడడానికి వెళ్లిన వాళ్లూ నిలవలేకపోయారు. దూరంగా కంట్రోల్ రూము నుంచి వాల్వును మూసే ఏర్పాటు పనిచేసే స్థితిలో లేదు. చివరికి అంటుకుంది. 11 మంది మరణించారు, ట్యాంకులు రోజుల తరబడి మండాయి. ఇందులో నేను మళ్లీ మళ్లీ తలచుకునేది ఆ గంట గురించే. ధైర్యం ఉన్న మనుషులు అక్కడ ఉన్నారు. ఊపిరి ఆడని చోటికి వెళ్లకుండా వాల్వు మూసే వీలు వాళ్లకు లేదు. అధికారం ఇస్తే సరిపోదు, ఆ అధికారాన్ని వాడే మార్గం ఆవిరికి బయట ఉండాలని నేను దాని నుంచి నేర్చుకున్నాను. దూరం నుంచి మూసే వాల్వులను నెలకోసారైనా నిజంగా మూసి చూడండి. 'పనిచేస్తోంది' అని రిజిస్టరులో సంతకం పెట్టిన వాల్వు, మూయబోతే కదలకపోవడం నేను నా కళ్లతో చూశాను.

ఇక ఆ మనిషికి ఏం నేర్పాలి? ఎంఎస్‌డీఎస్ అనే రసాయన భద్రతా పత్రంలోని పదహారు విభాగాలూ కాదు. రాత్రి రెండు గంటలకు ఎవరూ అవి చదవరు. మొదట అరవాలి, పక్కనున్న అందరికీ వినిపించేలా. తరువాత ఆవిరిలోకి అడుగు పెట్టకుండా ఆపగలిగితే ధారను ఆపాలి. ఆపలేకపోతే వదిలేసి గాలి వచ్చే వైపుకు, మెరక వైపుకు కదలాలి. ఆ వెళ్లే దారిలో కాలువ మూత ఉంటే దాని మీద మ్యాటు కప్పాలి. ఈ మ్యాటు పని గురించి ఇంకొంచెం చెప్పాలి. ఎందుకంటే మా దగ్గర డ్రైన్ మ్యాట్లు స్టోరు గదిలో, తాళంలో ఉండేవి. తాళం పగటి షిఫ్టులో వచ్చే స్టోరు కీపరు దగ్గర. కాలువలోకి దిగిన ద్రావకం మీ ప్రాంగణం సరిహద్దు దాటి మీ చేతుల్లోంచి పోయినట్టే. గ్వాదలహారాలో పేలింది నేల మీది మడుగు కాదు, నేల కింది కాలువ. మ్యాట్లు, పొడి ఇసుక, స్పార్క్ రాని పారలు దింపుడు స్థలానికి ఇరవై అడుగుల్లో, తాళం లేకుండా ఉండాలి. అవి పోతాయని భయమైతే పోనివ్వండి. మళ్లీ కొనండి.

చేయకూడనివి నేర్పడం ఇంకా ముఖ్యం. మంచి మనసుతో చేసే తప్పులే ఇక్కడ ఎక్కువ. బండి స్టార్ట్ చేసి దూరం తీసుకెళ్లబోవడం అందులో ఒకటి. ఆవిరి ఉన్న చోట లైటు ఆర్పడం కూడా తప్పే. వెలిగించినా ఆర్పినా స్విచ్‌లో స్పార్క్ ఒకటే. కరెంటు తీయాలంటే దూరంగా ఉన్న మెయిన్ దగ్గరే తీయాలి. జేబులోని మొబైలు తీసి వీడియో మొదలుపెట్టడం, ఫోర్క్‌లిఫ్టుతో డ్రమ్మును పక్కకు నెట్టబోవడం, మడుగు మీద నీళ్ల పైపు పెట్టి కడగడం కూడా ఇలాంటివే. టోలుయిన్, హెక్సేన్ లాంటివి నీళ్లలో కలవవు, తేలుతాయి. నీళ్లు పోస్తే వాటిని కాలువ వైపు మోసుకెళ్తున్నట్టే. దుస్తులు తడిసిన మనిషి వాటిని ఉన్నచోటే గబగబా లాగేయకూడదు. ముందు నీళ్లతో బాగా తడిపి, ఆవిరి లేని చోటికి తీసుకెళ్లి అప్పుడు తీయాలి. స్టాటిక్ మెరుపు ఎక్కడో కాదు, ఆ బట్టలోనే పుడుతుంది.

కొలిచే పరికరం గురించి ఒక మాట. చాలా చోట్ల ఆపరేటరు చేతికి గ్యాస్ డిటెక్టర్ ఇచ్చి, ఎల్‌ఈఎల్‌లో (గాలిలో ఆవిరి అంటుకునే కనీస స్థాయిలో) 10 శాతం దాటితే అలారం వస్తుందని, అప్పటిదాకా పరవాలేదని చెబుతారు. పేలుడు విషయంలో అది సరైన జాగ్రత్తే. కానీ టోలుయిన్‌కు ఎల్‌ఈఎల్ పది శాతం అంటే గాలిలో దాదాపు 1,100 పీపీఎం, అంటే పది లక్షల భాగాల్లో 1,100 భాగాలు. ప్రాణానికి, ఆరోగ్యానికి తక్షణ ప్రమాదం అని అమెరికా వృత్తి ఆరోగ్య సంస్థ పెట్టిన హద్దు 500 పీపీఎం. అంటే అలారం మోగకముందే మనిషి తూలిపోగలడు. తల తిరుగుతుంది, తాగినవాడిలా నిర్ణయాలు మందగిస్తాయి. ఆ స్థితిలో వాల్వు ఏ వైపు తిప్పాలో కూడా తోచదు. పేలదు కదా అని శ్వాస పరికరం లేకుండా మనిషిని లోపలికి పంపడం తప్పు. ఈ తేడా మీ శిక్షణలో ఉందో లేదో చూడండి. నేను చూసిన శిక్షణల్లో ఒక్కదానిలోనూ లేదు.

దూరాల విషయంలో అనుమానాలకు చోటు లేదు. ఉత్తర అమెరికాలో అగ్నిమాపక వాహనాల్లో ఉంచుకునే అత్యవసర మార్గదర్శి ప్రకారం మండే ద్రవాలు ఒలికితే వెంటనే అన్ని వైపులా కనీసం 50 మీటర్లు ఖాళీ చేయాలి. పెద్ద ఒలుకైతే గాలి పోయే వైపు 300 మీటర్ల దాకా జనాన్ని తరలించడం గురించి ఆలోచించాలి. ట్యాంకరు లేదా రైలు ట్యాంకు మంటల్లో ఉంటే అన్ని వైపులా 800 మీటర్లు. ఈ సంఖ్యలు మీ పంపు ప్యానెల్ మీద పెద్ద అక్షరాల్లో ఉండాలి. ఫైలులో కాదు. కాంట్రాక్టు కూలీలు చదవగల భాషలో ఉండాలి. వాళ్లలో చదవలేని వాళ్లు ఉంటే నేల మీద రంగు గీతతో 50 మీటర్లు గుర్తు పెట్టండి.

అగ్నిమాపక దళం వచ్చాక వారు అడిగే మొదటి ప్రశ్న 'ఏముంది లోపల?' అన్నదే. 2015 ఆగస్టు 12న చైనాలోని తియాన్‌జిన్ ఓడరేవు గిడ్డంగుల్లో జరిగిన పేలుళ్లలో 165 మంది మరణించారు, 8 మంది ఆచూకీ దొరకలేదు. వారిలో వంద మందికి పైగా అగ్నిమాపక సిబ్బంది. మొదట వెళ్లిన వారికి తాము ఎదుర్కొంటున్నది ఏమిటో, లోపల ఎక్కడ ఏముందో సరిగా తెలియలేదు. ఆ మనుషులు కుటుంబాలను వదిలి మన గేటు లోపలికి నమ్మకంతో అడుగు పెడతారు. గేటు దగ్గర వాళ్ల చేతిలో పెట్టడానికి ఒక్క పేజీ చాలు: ఈ రోజు ఏ ట్యాంకులో ఏముంది, ఎంత ఉంది, నీళ్లలో కలుస్తుందా లేదా. చివరి ప్రశ్న చిన్నదిగా కనిపిస్తుంది కానీ మంట ఆర్పే నురుగు ఎంపిక దానిమీదే ఆధారపడుతుంది. మిథనాల్, అసిటోన్ లాంటి నీళ్లలో కలిసే ద్రావకాల మీద మామూలు నురుగు నిలవదు, కరిగిపోతుంది. ఆల్కహాలును తట్టుకునే నురుగు కావాలి. మిథనాల్ మంట పగటి వెలుతురులో దాదాపు కనిపించదు. ఎదుట మంట ఉందని తెలియకుండానే అందులోకి నడిచిపోవచ్చు. ఈ మాట ముందే చెప్పకపోతే చెప్పడానికి తరువాత సమయం ఉండదు. ఆ పేజీ రాత్రి షిఫ్టు భద్రతా సిబ్బంది దగ్గర ఉండాలి, మేనేజరు కంప్యూటరులో కాదు.

రోడ్డు మీద ఇదంతా ఇంకా కఠినం. అక్కడ గడిలోని మనిషి డ్రైవరు ఒక్కడే. 2017 జూన్ 25న పాకిస్తాన్‌లోని అహ్మద్‌పూర్ షర్కియా దగ్గర పెట్రోలు ట్యాంకరు బోల్తా పడింది. చుట్టుపక్కల జనం బిందెలు, డబ్బాలు పట్టుకుని వచ్చారు. పేదరికం ఉన్న చోట కారే పెట్రోలు ఒక పూట ఆదాయం. వాళ్లను తప్పు పట్టే అర్హత నాకు లేదు. అది అంటుకున్నప్పుడు రెండు వందల మందికి పైగా చనిపోయారు. డ్రైవరుకు ఆ జనాన్ని వెనక్కి పంపే గొంతు, శిక్షణ, తోడు మనిషి ఉండాలి. దారిలోని పోలీసు ఠాణాలకు నేరుగా ఫోను చేసే హక్కు ఉండాలి. ముందు కంపెనీకి చెప్పి, కంపెనీ ఎవరికైనా చెప్పేదాకా ఆగమనడం కాదు. ఐరోపా పద్ధతిలో ట్యాంకరు వెనుక ఉండే నారింజ రంగు పలకపై రెండు వరుసల అంకెలుంటాయి. పైన 33, కింద 1294 అని ఉంటే అతి తేలికగా మండే ద్రవం, అది టోలుయిన్ అని అర్థం. ఇలాంటి పలక చదవడం రోడ్డు పక్కన చిన్న దుకాణం నడుపుకునే మనిషికి కూడా నేర్పవచ్చు. దుమ్ము కొట్టుకుపోయి, పెయింటు రాలిపోయి, ఏదో పాత సరుకు సంఖ్యతో తిరిగే బండ్లు ఎన్నో. ఒక కిలో పెయింటు ఖర్చుతో సరిచేయగలిగిన పనిని కూడా చేయకపోతే మిగతా ప్రణాళికను జనం ఎలా నమ్ముతారు?

మాక్ డ్రిల్లుల గురించి నేను కోపంగానే రాస్తున్నాను. ముందే తేదీ చెప్పి, పగలు పదకొండు గంటలకు, ఫొటోగ్రాఫరును పిలిచి చేసే డ్రిల్లులో నేర్చుకునేది ఏమీ లేదు. ఆరు నెలలకోసారి చెప్పకుండా రాత్రి మూడు గంటలకు చేయండి. సగం మందే ఉన్నప్పుడు, స్టోరు తాళంచెవి చేతిలో లేనప్పుడు, వాన పడుతున్నప్పుడు చేయండి. డ్రిల్లు ఫలితంగా అందరూ సకాలంలో అసెంబ్లీ పాయింటుకు చేరారు అన్న వాక్యం రాయకండి. పంపు ఆగడానికి ఎన్ని సెకన్లు పట్టిందో రాయండి. ఆపినవాడు ఎవరి అనుమతి అడిగాడో రాయండి. అడిగి ఉంటే ఆ డ్రిల్లు విఫలమైనట్టే లెక్క.

మంట రాకుండా బయటపడ్డ ఒలుకు అక్కడితో అయిపోదు. ఇసుకతో పీల్చేసిన ద్రావకం ఇసుకలోనే ఉంటుంది, ఆవిరవుతూనే ఉంటుంది. ఆ సంచులను మూత లేని ట్రాలీలో వెల్డింగ్ షెడ్డు పక్కన పెట్టిన రోజు నాకు గుర్తుంది. ఆ ఊడ్చే పని చేసేవాళ్లు ఎవరు? రోజు కూలీలు, చాలా చోట్ల ఆడవాళ్లు, చేతికి పలచటి తొడుగులు, ముఖానికి చీర కొంగు. వాళ్ల పేర్లు కూడా మన హాజరు పట్టీలో ఉండవు. వాళ్లకు ఇచ్చే రక్షణ పరికరం ఆపరేటరుకు ఇచ్చేదానికి తగ్గకూడదు. కందకాల్లో, కాలువల్లో కొలిచి, సున్నా వచ్చిందని ఇద్దరు వేర్వేరు మనుషులు చూసేదాకా ఉత్పత్తి మొదలు కాకూడదు. ఆ సమయంలో మార్కెటింగ్ విభాగం నుంచి వచ్చే ఫోన్లు షిఫ్టు ఇన్‌చార్జికి రాకూడదు. నాకు వచ్చాయి. ఆ ఒత్తిడిలో రెండుసార్లు తొందరపడ్డాను.

ఇప్పుడు నేను అడిగేది ఒకటే. కర్మాగారంలోని ప్రతి మనిషికి, కాంట్రాక్టు కూలీకి, బయటి ట్యాంకరు డ్రైవరుకు కూడా, లీకు అనుమానం వచ్చిన క్షణంలో ఎవరినీ అడగకుండా పంపును ఆపే, వాల్వును మూసే, అలారం మోగించే, పక్కవారిని తరలించే హక్కు ఉందని యాజమాన్యం తన సంతకంతో రాసి ఇవ్వాలి. ఆ కాగితంలోనే ఇంకొక వాక్యం ఉండాలి: అనుమానం తప్పని తేలినా, బ్యాచ్ పాడైనా అతనిపై ఏ చర్యా ఉండదు. ఆ రెండో వాక్యం లేకపోతే మొదటి వాక్యానికి విలువ లేదు. ప్రణాళికలను ఆమోదించే అధికారులు ఈ కాగితం లేని ప్రణాళికను వెనక్కి పంపాలి. తనిఖీకి వెళ్లినప్పుడు ఆఫీసు గదిలో ఫైలు చూడడానికి ముందు పంపు దగ్గరికి నడిచి, అక్కడున్న మనిషిని 'ఇప్పుడు లీకైతే ఏం చేస్తావు?' అని అడగాలి. అతను మొదట చెప్పేది ఫోను నంబరు అయితే, ఆ సంస్థ సిద్ధంగా లేదు.

దీనివల్ల దుర్వినియోగం జరుగుతుందని, ఊరికే బటన్లు నొక్కుతారని కొందరు మేనేజర్లు నాతో అన్నారు. ముప్పై రెండేళ్లలో సరదాకు అత్యవసర బటన్ నొక్కిన కార్మికుణ్ణి నేను ఒక్కడినీ చూడలేదు. భయపడి నొక్కనివాళ్లను లెక్కపెట్టలేనంత మందిని చూశాను.

ఆ రాత్రి టోలుయిన్ దించిన కుర్రవాడు తరువాత ఆ ఉద్యోగం మానేశాడు. ఎందుకని నేను అడగలేదు, అడిగే ముఖం నాకు లేదు. అతనికి ఇచ్చిన మెమో కింద 'షిఫ్టు ఇన్‌చార్జి' అన్న చోట ఉన్నది నా సంతకం. నిర్లక్ష్యం అని రాశాం. తప్పు రాశాం. అతనికి హక్కు ఇవ్వనిది మేం, హక్కు వాడిన మొదటివాణ్ణి శిక్షించినది మేం. ఆ సంతకాన్ని వెనక్కి తీసుకుంటున్నానని, ఆ మెమోను అతని ఫైలు నుంచి తీసేయాలని పోయిన నెల ఆ సంస్థకు ఉత్తరం రాశాను. జవాబు ఇంకా రాలేదు. మీ ఫైళ్లలోనూ ఇలాంటి మెమోలు ఉంటాయి. ఈ లేఖ చదివిన వారంలో వాటిని తెరిచి చూడమని, తీసేయవలసినవి తీసేసి, ఆ సంగతి ఆ మనుషులకు కాగితం మీద తెలియజేయమని కోరుతున్నాను.

ఇట్లు,
ఒక మాజీ షిఫ్టు ఇన్‌చార్జి